తరగతి గదిలో యోగా, ధ్యానం: విద్యార్థుల ఒత్తిడికి ఎంతవరకు విరుగుడు?

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) 2022 జనవరి నుంచి మార్చి వరకు దేశవ్యాప్తంగా 3.79 లక్షల మంది పాఠశాల విద్యార్థులను వారి మానసిక స్థితి గురించి ప్రశ్నించింది. అదే ఏడాది సెప్టెంబరులో వెలువడిన నివేదికలో రెండు అంశాలు ప్రత్యేకంగా కనిపిస్తాయి. ఆందోళనకు కారణమేమిటన్న ప్రశ్నకు 81 శాతం మంది చదువు, పరీక్షలు, ఫలితాలు అని చెప్పారు. ఆ ఒత్తిడిని ఎలా తట్టుకుంటున్నారన్న ప్రశ్నకు ఎక్కువగా వచ్చిన సమాధానాల్లో యోగా, ధ్యానం ముందున్నాయి. ఆలోచనా ధోరణిని మార్చుకునే ప్రయత్నం, డైరీ రాసుకోవడం వాటి తరువాత వచ్చాయి.

రెండో సమాధానాన్ని విద్యావ్యవస్థ త్వరగా అందుకుంది. అనేక రాష్ట్రాల్లో ఉదయపు ప్రార్థనా సమావేశాల్లో ప్రాణాయామం చేరింది, తరగతి మొదట్లో కళ్లు మూసుకుని కూర్చునే అలవాటు మొదలైంది. మొదటి సమాధానం విషయంలో అంత వేగం కనిపించదు. ఒత్తిడిని తట్టుకోవడం పిల్లలకు నేర్పడానికి ఒక చాప, పది నిమిషాల సమయం, కొంత శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు చాలు. ఒత్తిడిని పుట్టిస్తున్న ఏర్పాట్లను సవరించాలంటే కాలపట్టికలు, పరీక్షా విధానం, తల్లిదండ్రుల ఆశలు, కోచింగ్ వ్యాపారం అన్నిటినీ కదిలించాలి. తరగతి గదిలో యోగా గురించిన చర్చను ఈ తేడాను పక్కనపెట్టి అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

సమస్య తీవ్రత గురించి సందేహం అక్కరలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో 13,044 విద్యార్థులవే. అంటే సగటున రోజుకు 35 మందికి పైగా. ఈ మరణాలన్నిటికీ పరీక్షలే కారణం కావు. కుటుంబ కలహాలు, వివక్ష, అనారోగ్యం, పేదరికం కూడా వాటి వెనుక ఉంటాయి. ఇంత విస్తృతమైన బాధను శ్వాస వ్యాయామం ఒక్కటే తీరుస్తుందని యోగాను శ్రద్ధగా అభ్యసించేవారు కూడా అనరు.

వ్యాయామం నుంచి మనశ్శాంతి దాకా

బడిలో యోగా కొత్త ఆలోచన కాదు. ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలోనే, నేటి మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు భవన్‌రావ్ పంత్ ప్రతినిధి తన ఏలుబడిలోని పాఠశాలల్లో సూర్యనమస్కారాలను ప్రవేశపెట్టారు. 1924లో లోనావాలాలో కైవల్యధామను స్థాపించిన స్వామి కువలయానంద ఆసనాల ప్రభావాన్ని ప్రయోగశాలలో పరిశీలించడమే కాక, బొంబాయి ప్రాంతపు వ్యాయామ విద్యలో వాటికి చోటు కల్పించేందుకు కృషి చేశారు. 1930లలో మైసూరు రాజప్రాసాదంలోని యోగశాలలో తిరుమలై కృష్ణమాచార్య బాలురకు నేర్పిన పద్ధతిలోనూ శారీరక శ్రమదే పెద్దపీట. వారందరి దృష్టి ప్రధానంగా దేహదారుఢ్యం మీద ఉండేది. పరాయి పాలనలో ఉన్న జాతికి బలమైన శరీరాలు కావాలన్న పట్టుదల ఆ ప్రయత్నాల వెనుక కనిపిస్తుంది. పరీక్ష భయాన్ని పోగొట్టడం అప్పటి ఉద్దేశం కాదు.

మైండ్‌ఫుల్‌నెస్ ప్రయాణం వేరు. పాళీ భాషలోని ‘సతి’, సంస్కృతంలోని ‘స్మృతి’ దాని మూలపదాలు. ఈ క్షణంలో శరీరంలోనూ మనసులోనూ జరుగుతున్నదాన్ని మంచిచెడ్డల తీర్పు లేకుండా గమనించడం దాని సారం. తెలుగులో ‘ఎరుక’ అన్న చిన్న మాట దీనికి చక్కగా సరిపోతుంది, కాని పాఠశాలల పత్రాల్లో ఆంగ్ల పదమే స్థిరపడింది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబత్-జిన్ 1979లో ఈ బౌద్ధ సాధనను మతపరమైన చట్రం నుంచి వేరుచేసి, దీర్ఘకాలిక నొప్పితో బాధపడే రోగుల కోసం ఎనిమిది వారాల కార్యక్రమంగా మలిచారు. ఆసుపత్రుల నుంచి అది కార్యాలయాలకూ పాఠశాలలకూ పాకింది. ఆ విధంగా, పుట్టిన నేలకు కొత్త పేరుతో తిరిగి వచ్చింది. మధ్యలో తెగిపోని పాయ కూడా ఒకటి ఉంది. విపశ్యన కేంద్రాల్లో పిల్లలకు శ్వాసను గమనించే ‘ఆనాపాన’ శిక్షణ చాలా ఏళ్లుగా సాగుతోంది, మహారాష్ట్ర పాఠశాలల్లోనూ అది చోటు సంపాదించుకుంది.

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2014 డిసెంబరు 11న జూన్ 21ని అంతర్జాతీయ యోగా దినోత్సవంగా ప్రకటించిన తరువాత దేశంలో పాఠశాల యోగాకు ప్రభుత్వ ఊతం పెరిగింది. ఎన్‌సీఈఆర్‌టీ 2015లో ఉన్నత ప్రాథమిక, మాధ్యమిక తరగతుల కోసం యోగా పుస్తకాలను రూపొందించింది. 2016 నుంచి జాతీయ స్థాయిలో యోగా ఒలింపియాడ్ నిర్వహిస్తోంది. 2025 యోగా దినోత్సవాన విశాఖపట్నం సముద్రతీరంలో మూడు లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు. ఇటువంటి వేడుకలు ఆసక్తిని పెంచుతాయి. అయితే ఏడాదిలో ఒక రోజు జరిగే ప్రదర్శనకూ, ప్రశ్నపత్రం చేతికి రాగానే వేళ్లు వణికే పిల్లకు అక్కరకు వచ్చే నిత్యాభ్యాసానికీ చాలా దూరం ఉంది. పోటీల విషయంలోనూ ఇదే చిక్కు. పోలికల భారాన్ని తగ్గించవలసిన సాధనకు మళ్లీ ర్యాంకులు కట్టడం కొంత విచిత్రమే.

ఊపిరి మీద పట్టు

భయం కలిగినప్పుడు శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదలవుతాయి, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పైపైన సాగుతుంది, కండరాలు బిగుస్తాయి. ఎదురుగా పులి ఉన్నప్పుడు ఈ స్పందన ప్రాణం కాపాడుతుంది. ఎదురుగా భౌతికశాస్త్రం ప్రశ్నపత్రం ఉన్నప్పుడు మాత్రం చదివినదంతా గుర్తుకు రాకుండా చేస్తుంది. నెలల తరబడి ఇదే స్థితి కొనసాగితే నిద్ర, ఆకలి, జీర్ణక్రియ, ఏకాగ్రత అన్నీ దెబ్బతింటాయి.

ఈ స్వయంచాలక వ్యవస్థలో మనిషి తన ఇష్టప్రకారం నేరుగా మార్చగలిగినది శ్వాస. గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. అందుకే నిశ్వాసను నెమ్మదిగా, పొడవుగా సాగించినప్పుడు వేగస్ నాడి ద్వారా శరీరానికి విశ్రాంతి సంకేతం అందుతుంది. నాడీశోధన, భ్రామరి వంటి ప్రాణాయామాల్లో ఉమ్మడిగా ఉన్న లక్షణం ఈ నిదానమే. భ్రామరిలో తుమ్మెద ఝంకారంలా శబ్దం చేస్తూ ఊపిరి వదలాలి కనుక నిశ్వాస తనంతట తానే సాగుతుంది. చిన్నపిల్లలకు అది ఆటలాగానూ ఉంటుంది.

ధ్యానం చేసే పని కాస్త భిన్నమైనది. ‘నేను తప్పుతాను’ అన్న తలంపు వచ్చినప్పుడు, అది జరగబోయే సత్యం కాదు, మనసులో మెదిలిన ఒక తలంపు మాత్రమే అని గుర్తించగలగడం దాని ఫలితం. దృష్టి చెదిరిన ప్రతిసారీ నెమ్మదిగా శ్వాస దగ్గరకు తెచ్చుకోవడమే సాధన. చెదరకుండా ఉండడం కాదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే, తమకు ధ్యానం కూడా చేతకావడం లేదని బెంగపడే పిల్లలుంటారు.

ఆసనాల పాత్రను కూడా తక్కువ చేయకూడదు. పతంజలి యోగసూత్రాలు దాదాపు రెండు వందలుంటే ఆసనాన్ని నేరుగా వివరించేవి మూడే అన్నది నిజం. కాని ఆరేడు గంటలు బల్ల మీద వంగి కూర్చునే విద్యార్థికి మెడ, భుజాలు, నడుము సడలించే తాడాసనం, భుజంగాసనం, శశాంకాసనం తక్షణ ఉపశమనం ఇస్తాయి. శవాసనంలో పడుకున్న పిల్లలు అయిదు నిమిషాల్లో గాఢంగా నిద్రపోతే అది యోగా గొప్పదనమని మురిసిపోయే ముందు, రాత్రి వారు ఎన్ని గంటలు పడుకున్నారో విచారించాలి. 13 నుంచి 18 ఏళ్ల వయసువారికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణులు సూచిస్తున్నారు.

ఢిల్లీ తరగతి గదుల్లో

ప్రభుత్వ పాఠశాలల్లో ఈ ప్రయత్నం పెద్ద ఎత్తున, ఒక పాఠ్యాంశంగా జరిగిన చోటు ఢిల్లీ. 2018 జూలై 2న దలైలామా ప్రారంభించిన ‘హ్యాపీనెస్ కరికులమ్’ నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు అమలైంది. తరగతి మొదట్లో కొద్ది నిమిషాలు మైండ్‌ఫుల్‌నెస్, తరువాత ఒక కథ లేదా కార్యకలాపం, దానిపై చర్చ, చివర ఒకటి రెండు నిమిషాల మౌనం. దీనికి పరీక్ష లేదు, మార్కులు లేవు. కళ్లు మూసుకుని పద్మాసనం వేయడం ఒక్కటే సాధనగా దీన్ని రూపొందించలేదు. చుట్టూ వినిపించే చప్పుళ్లను ఒక్కొక్కటిగా గుర్తుపట్టడం, శ్వాసను గమనించడం, నిశ్శబ్దంగా బొమ్మ గీయడం కూడా అందులో భాగమే. రద్దీ వీధి పక్కనున్న బడిలో నిశ్శబ్దం దొరకదు కనుక, ఆ రొదనే ధ్యానానికి ఆలంబనగా చేసుకోవడం తెలివైన పని.

ఉత్తరాఖండ్‌లో ‘ఆనందమ్’, త్రిపురలో ‘సహర్ష్’, ఆంధ్రప్రదేశ్‌లో ‘ఆనంద వేదిక’ పేర్లతో ఇటువంటి కార్యక్రమాలు వచ్చాయి. పొరుగు దేశాల్లోనూ ఈ దారి కనిపిస్తుంది. శ్రీలంకలో బౌద్ధ భిక్షువు ఉడ ఎరియగమ ధమ్మజీవ థేరో చొరవతో మొదలైన ‘సతి పాసల’ పాఠశాలలకు ఈ సాధనను తీసుకెళ్తోంది. స్థూల జాతీయ ఆనందాన్ని ప్రభుత్వ విధానంగా స్వీకరించిన భూటాన్, దాదాపు 2010 నుంచి తన బడుల్లో క్లుప్త ధ్యానానికి చోటిచ్చింది.

పరిశోధనలు తేల్చినది

మంచి ఉద్దేశంతో మొదలైన కార్యక్రమం మంచి ఫలితమే ఇస్తుందన్న హామీ లేదు. ఈ రంగంలో వెలువడిన చిన్న అధ్యయనాల్లో చాలావరకు సానుకూలమైనవే. ఆందోళన కొంత తగ్గిందని, ఏకాగ్రత పెరిగిందని అవి చెబుతాయి. అయితే వాటిలో పాల్గొన్నవారి సంఖ్య తక్కువ, పరిశీలనా కాలం స్వల్పం. పెద్ద అధ్యయనాల దగ్గరకు వచ్చేసరికి చిత్రం సంక్లిష్టమవుతుంది.

బ్రిటన్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్లెమ్ కైకెన్ బృందం నేతృత్వంలో జరిగిన ‘మిరియడ్’ పరిశోధన వీటిలో ముఖ్యమైనది. 80కి పైగా పాఠశాలల్లో ఎనిమిది వేల మందికి మించిన 11–14 ఏళ్ల విద్యార్థులపై దీన్ని నిర్వహించారు. కొన్ని బడుల్లో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పారు, మిగిలినవాటిలో ఎప్పటిలాగే సామాజిక, భావోద్వేగ విద్య కొనసాగింది. 2022లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, ఏడాది తరువాత చూస్తే కుంగుబాటు ముప్పులో గాని, మానసిక క్షేమంలో గాని మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు విన్నవారికి అదనపు ప్రయోజనం ఏమీ కనిపించలేదు. అప్పటికే మానసికంగా బలహీన స్థితిలో ఉన్న పిల్లల్లో కొందరికి అది సరిపడకపోయి ఉండవచ్చన్న సూచనలు కూడా దొరికాయి. చాలామంది పిల్లలు ఇంటి వద్ద అభ్యాసం చేయనే లేదు. ఆసక్తికరంగా, ఉపాధ్యాయుల్లో అలసట కొంత తగ్గింది, పాఠశాల వాతావరణం కొంత మెరుగుపడింది. బలవంతాన కూర్చున్నవారికీ, కోరి నేర్చుకున్నవారికీ ఉండే తేడా ఇక్కడ కనిపిస్తోందని భావించవచ్చు.

యోగా విషయంలో భారతీయ పరిశోధకురాలు షర్లీ టెల్లెస్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం గమనించదగినది. 98 మంది బడిపిల్లలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు యోగా, మరొక జట్టుకు మామూలు వ్యాయామం మూడు నెలలపాటు, వారానికి అయిదు రోజులు, రోజుకు 45 నిమిషాలు నేర్పారు. రెండు జట్లూ కొన్ని అంశాల్లో మెరుగుపడ్డాయి. తోటివారి మధ్య తమ స్థానం గురించిన ఆత్మగౌరవంలో మాత్రం వ్యాయామం చేసిన పిల్లలే ముందున్నారు. యోగా కేంద్రంగా పనిచేసే పరిశోధకులే ఈ ఫలితాన్ని దాచకుండా వెల్లడించడం మెచ్చదగినది. దీని నుంచి తీసుకోవలసిన పాఠం సులభం. ఆటల పీరియడ్‌ను తొలగించి ఆ స్థానంలో యోగా పెట్టడం లాభసాటి బేరం కాదు. కబడ్డీ, ఖోఖో ఆడే పిల్లలకు అందే స్నేహం, నవ్వు, చెమట కూడా ఔషధాలే.

భూటాన్ నుంచి వచ్చిన ఫలితం ఆశాజనకం. అలెహాంద్రో ఆడ్లర్ అనే పరిశోధకుడు అక్కడి 18 మాధ్యమిక పాఠశాలల్లో 8,385 మంది విద్యార్థులపై 15 నెలలపాటు ఒక పాఠ్యక్రమాన్ని పరీక్షించారు. దాన్ని అనుసరించిన విద్యార్థుల మానసిక క్షేమంతోపాటు పరీక్షల మార్కులు కూడా పెరిగాయి. అయితే అక్కడ ఎరుక పది జీవన నైపుణ్యాల్లో ఒకటి మాత్రమే. సానుభూతి, భావోద్వేగాలను సంభాళించుకోవడం, నిర్ణయాలు తీసుకోవడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం వంటివి దానితో కలిసి నడిచాయి.

అన్నిటికంటె మన పరిస్థితులకు దగ్గరగా ఉన్నది బిహార్‌లోని నలంద జిల్లాలో జరిగిన ‘సెహర్’ పరిశోధన. గోవాకు చెందిన సంగాత్ సంస్థ పరిశోధకులు నిర్వహించిన ఈ అధ్యయనం 2018లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడింది. ఇందులో ధ్యానం ప్రధానాంశం కాదు. బడి వాతావరణాన్ని మార్చడమే లక్ష్యం. పిల్లలు తమ బాధలను చీటీలపై రాసి వేయడానికి ఒక పెట్టె, గోడపత్రిక, బృంద చర్చలు, విడిగా మాట్లాడవలసినవారికి సలహా సమయం. 74 ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లో కొన్నిటిలో ఈ పనిని శిక్షణ ఇచ్చిన స్థానిక సలహాదారులకు అప్పగించారు, కొన్నిటిలో అక్కడి ఉపాధ్యాయులకే అప్పగించారు. సలహాదారులున్న బడుల్లో కుంగుబాటు లక్షణాలు తగ్గాయి, పిల్లల మధ్య వేధింపులు, హింస తగ్గాయి. ఉపాధ్యాయులకు అప్పగించిన బడుల్లో చెప్పుకోదగిన మార్పు రాలేదు.

దీనికి ఉపాధ్యాయులను తప్పుపట్టడం న్యాయం కాదు. సిలబస్ పూర్తిచేయాలి, ఎన్నికల విధులు, సర్వేలు చూడాలి, మార్కులు తెప్పించాలి. పైగా, మార్కులు తక్కువ వచ్చాయని ఉదయం మందలించిన వ్యక్తి దగ్గరే మధ్యాహ్నం మనసు విప్పి మాట్లాడమంటే ఏ విద్యార్థి ముందుకు వస్తాడు? ఒత్తిడి తగ్గించే బాధ్యతను ఎవరికి అప్పగిస్తున్నామన్నది ఏ పద్ధతిని ఎంచుకుంటున్నామన్న దానికంటె తక్కువ ప్రశ్న కాదు.

తెలుగు రాష్ట్రాల్లో

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ ప్రశ్నకు పదును ఎక్కువ. పదో తరగతి ముగియగానే వేలాది మంది పిల్లలు జేఈఈ, నీట్ శిక్షణతో కూడిన రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో చేరతారు. తెల్లవారుజామున మొదలై రాత్రి వరకు సాగే స్టడీ అవర్లు, వారాంతపు పరీక్షలు, మార్కుల వారీగా విభజించిన సెక్షన్లు, గోడలపై ర్యాంకర్ల ఛాయాచిత్రాలు అక్కడి నిత్యజీవితం. పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు మారవలసి రావడం పదహారేళ్ల వయసులో చిన్న అవమానం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాతి రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల్లో దొర్లిన పొరపాట్లపై అప్పుడు తీవ్ర ఆందోళన జరిగింది. ఆ విషాదానికి కారణం పిల్లలకు ధ్యానం రాకపోవడం కాదని వేరే చెప్పనక్కరలేదు.

విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలను నిర్దేశించింది. వంద, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్‌ను, మనస్తత్వ నిపుణుడిని లేదా సామాజిక కార్యకర్తను నియమించాలి. చదువులో ప్రతిభను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందు కించపరచడం మానాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లను హాస్టళ్లలో, తరగతుల్లో స్పష్టంగా ప్రదర్శించాలి. చట్టం వచ్చేవరకు ఇవి అమలులో ఉంటాయని న్యాయస్థానం పేర్కొన్నది.

అంతకుముందే, 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు జారీచేసిన మార్గదర్శకాలు పదహారేళ్లలోపువారిని చేర్చుకోరాదని, రోజుకు అయిదు గంటలకు మించి తరగతులు పెట్టరాదని, వారాంతపు సెలవు మరుసటి రోజు పరీక్ష నిర్వహించరాదని సూచించాయి. 2026 నుంచి పదో తరగతి బోర్డు పరీక్షను ఏడాదిలో రెండుసార్లు జరపాలన్న సీబీఎస్ఈ నిర్ణయం కూడా ఒక్క పరీక్షతో భవిష్యత్తు తేలిపోతుందన్న భయాన్ని సడలించేందుకు ఉద్దేశించినదే. ఎన్‌సీఈఆర్‌టీ సర్వేలో 81 శాతం మంది చెప్పిన కారణాన్ని నేరుగా తాకేవి ఇటువంటి చర్యలే. కాగితం మీది నియమం హాస్టల్ గంట కొట్టే వేళను ఎంతవరకు మారుస్తుందన్నది తనిఖీలపై ఆధారపడి ఉంటుంది.

ఇటువంటి సంస్థల్లో ఉదయం అయిదు గంటలకే నిద్రలేపి యోగా చేయించడం ఒక విరోధాభాస. ఆ అరగంట నిద్రను తగ్గించి తీసుకున్నదైతే, యోగా పేరిట పిల్లలకు మరో స్టడీ అవర్ చేరినట్లే. స్టడీ అవర్ నుంచి తగ్గించి తీసుకున్నదైతే, అది నిజమైన విరామం.

మతం, నిర్బంధం

పాఠశాలల్లో యోగాపై మతపరమైన అభ్యంతరాలు తరచూ వినిపిస్తాయి. ముఖ్యంగా సూర్యనమస్కారం, ఓంకారం, శ్లోక పఠనం వివాదాంశాలు. ప్రభుత్వ నిధులతో పూర్తిగా నడిచే విద్యాసంస్థల్లో మతబోధన ఉండరాదని, ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం పొందే సంస్థల్లో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధనలో పాల్గొనేలా చేయరాదని రాజ్యాంగంలోని 28వ అధికరణం చెబుతోంది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు యోగాను తప్పనిసరి చేయాలన్న వినతిని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తోసిపుచ్చింది. బడుల్లో ఏమి బోధించాలో నిర్ణయించడం న్యాయస్థానం పని కాదని స్పష్టం చేసింది.

ఈ వివాదం భారతదేశానికే పరిమితం కాదు. అమెరికాలోని అలబామా రాష్ట్రం 1993 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో యోగాను నిషేధించి 2021లో సడలించింది. అప్పుడు కూడా ఆసనాలకు ఆంగ్ల పేర్లే వాడాలని, ‘నమస్తే’ అనరాదని షరతు పెట్టింది. అంత దూరం పోనవసరం లేకుండా, శ్వాస, భంగిమ, విశ్రాంతి అన్న మూడింటితో ఏ మతంవారికైనా ఆమోదయోగ్యమైన పాఠం రూపొందించడం కష్టం కాదు. వద్దనుకున్న విద్యార్థి నిశ్శబ్దంగా కూర్చుని పుస్తకం చదువుకునే వెసులుబాటు ఉంటే వివాదాలు చాలావరకు తగ్గుతాయి. పైగా, బలవంతపు ధ్యానం అన్న మాటలోనే పొసగనితనం ఉంది.

ఆచరణలో తీసుకోవలసిన జాగ్రత్తలు

అరవై మంది కిక్కిరిసిన గదిలో చాపలు పరవడానికి స్థలం ఉండదు. అక్కడ బల్ల మీదే కూర్చుని మెడ, భుజాలు, మణికట్లు తిప్పడం, రెండు మూడు నిమిషాలు శ్వాసను గమనించడం సాధ్యం. మధ్యాహ్న భోజనం తరువాత కనీసం రెండు మూడు గంటల వరకు ఆసనాలు వేయించకూడదు. కనుక ఉదయపు మొదటి పీరియడ్ అనువైనది. స్కర్టు వేసుకున్న బాలికలను అబ్బాయిల మధ్య నేల మీద ఆసనాలు వేయమనడం వారికి ఎంత ఇబ్బందో చాలా పాఠశాలలు ఆలోచించవు. నెలసరి రోజుల్లో వద్దన్నవారిని కారణం అడగకుండా మినహాయించాలి. ఈ చిన్న విషయాల్లో చూపే మర్యాద పిల్లల మనసుకు కలిగించే నెమ్మది తక్కువేమీ కాదు.

కపాలభాతి, భస్త్రిక వంటి వేగవంతమైన శ్వాస ప్రక్రియలు, ఊపిరిని బిగబట్టే కుంభకం చిన్నపిల్లలకు సామూహికంగా నేర్పదగినవి కావు. మూర్ఛ, ఉబ్బసం, గుండె జబ్బులున్న పిల్లల వివరాలు ముందే తెలుసుకోవాలి, వైద్యుడి సలహా లేకుండా వారిచేత అవి చేయించరాదు. శీర్షాసనం వంటి ప్రదర్శనాయోగ్యమైన ఆసనాల మోజు తరగతి గదికి పనికిరాదు.

ధ్యానంలోనూ జాగ్రత్త అవసరమే. హింసను, లైంగిక వేధింపులను, ఆప్తుల మరణాన్ని చూసిన పిల్లలకు కళ్లు మూసుకోగానే ఆ దృశ్యాలు ముసురుకోవచ్చు. కళ్లు తెరిచి నేల మీద ఒక చోటు చూస్తూ కూర్చోవడానికి, పాదాలు నేలకు తగులుతున్న స్పర్శను గమనించడానికి, లేదా లేచి బయటకు వెళ్లడానికి అనుమతి ఉండాలి. ఏడుపు వచ్చిన పిల్లను అందరి ముందు ప్రశ్నించకూడదు. నేర్పేవారికి ఈ లక్షణాలను గుర్తించే శిక్షణ, అనుమానం వచ్చినప్పుడు కౌన్సెలర్ దగ్గరకు పంపే మార్గం రెండూ కావాలి. కౌన్సెలర్ లేని బడిలో ఆ రెండో మార్గం మూసుకుపోతుంది.

వారాల తరబడి నిద్రపట్టకపోవడం, తిండి మానేయడం, స్నేహితులకు దూరంగా మసలడం, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టడం, బతకడం వృథా అన్న ధోరణిలో మాట్లాడడం కనిపిస్తే అది ప్రాణాయామంతో సరిపెట్టే దశ కాదు. అటువంటి విద్యార్థిని ఒంటరిగా వదలకుండా మానసిక వైద్య సహాయం అందించాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవ 14416 నంబరులో రోజంతా ఉచితంగా అందుబాటులో ఉంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. విద్యాశాఖ ‘మనోదర్పణ్’ కార్యక్రమం కింద విద్యార్థుల కోసం 8448440632 నంబరును నిర్వహిస్తోంది. విద్యార్థులతోపాటు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడా ఈ సేవలను వినియోగించుకోవచ్చు.